మేజోడులో వచ్చిన బఠాణీలు

రేగులగూడెం, దమ్మపేట మండలం
జనవరి నెలాఖరు, 2004

బావకు,

వనజ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, నేను, రెండు మేకలు, మిగిలిన కోళ్లు అందరం కులాసా. మిగిలిన కోళ్లు అని ఎందుకన్నానో తర్వాత చెబుతాను. నువ్వు ఆ మంచుకొండల్లో చెవులు కప్పుకుని డ్యూటీకి వెళ్తూ, వేళకు తింటూ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. నమ్మకపోతే ఇక్కడ పొద్దు గడవదు.

నీ ఉత్తరం అంగడి రోజున చేరింది. అత్తమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి మొత్తం అక్కర్లేదు, తన మోకాళ్ల సంగతి అడిగిన చోట మాత్రం చదవమంది. నయమేనని రాయమంది. నయం కాదు. కూర్చుంటే లేవడానికి గుంజ పట్టుకుంటోంది. నువ్వు పంపిన నూనె మోకాళ్లకు రాసుకోమంటే, వాసన బాగుందని తలకు పెట్టుకుంటోంది. ఇంటి వెనక వైపు పెంకులు మార్పించాం. ఈ ఏడు వానకు ఇంట్లో గిన్నెలు పెట్టే పని ఉండదు. ఇక నువ్వు అడిగిన మూడో సంగతి బఠాణీలది. అది పెద్ద కథ, తీరిగ్గా చదువు.

నాలుగోది కూడా అడిగావు. ఈ మధ్య నా ఉత్తరాలు అరపేజీ కూడా ఉండటం లేదని, కోపం వచ్చిందా అని. దానికి జవాబు చివర్లో ఉంది. ముందే అక్కడికి దూకకు. దూకుతావని తెలుసు, అందుకే చెబుతున్నా.

మీ క్యాంపు రూప్లా అన్న దీపావళి సెలవులో కూసుమంచి నుంచి బస్సులు మారి మారి మన ఇంటికి వచ్చాడు కదా. సంచీలోంచి ఉన్ని మేజోడు తీసి అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఒక్కటే మేజోడు, లోపల గింజలు, మూతికి దారం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకోటేది బిడ్డా?" అని అడిగింది. గింజలు కట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా అని అతను చెప్తే వినదు. "మావోడు ఆడ ఒంటి కాలికి తొడుక్కొని తిరుగుతున్నడా?" అని ఒకటే గోల. పాపం, ఆ అన్న నవ్వితే ఏమనుకుంటారోనని తలొంచుకుని చాయ్ తాగి వెళ్లాడు. ఆ మేజోడును అత్తమ్మ ఉతికి దండెం మీద వేసింది. ఇప్పటికీ రోజూ దులిపి మళ్లీ అక్కడే వేస్తుంది.

నువ్వు పెట్టిన చీటీలో ఇవి పొట్టి రకమని, మోకాలి ఎత్తు దాటవని, పందిరి అక్కర్లేదని, దగ్గర దగ్గరగా వేస్తే చాలని రాశావు. అది చదివితే అత్తమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "తీగకు పందిరి లేకుంటే ఏడికి పోతది? నేల మీద పడి కుళ్లి చస్తది. వాడు తుపాకి పట్టుకునేటోడు, వానికేం తెలుసు" అంది. మర్నాడే అడవికి పోయి సన్న పుల్లలు మోపు కట్టుకొచ్చింది.

గింజలు నానబెట్టి, వాటిలో సగం స్నానం చేసే బండ పక్కన వేశాను. నీళ్లు వృథా పోవు కదా అని నా తెలివి. నా తెలివంతా నాలుగు రోజుల్లో బయటపడింది. తడి ఆరక గింజలు లోపలే మెత్తబడిపోయాయి, తవ్వి చూస్తే వాసన. మిగతా సగం అత్తమ్మ చెప్పిన చోట, చిక్కుడు పందిరికి పడమటి వైపు మట్టి ఎత్తు చేసి, బూడిద కలిపి వేశాం. అవి బాగా లేచాయి. పెరట్లో నా మాట నెగ్గే రోజు ఇంకా రాలేదని రాసుకో.

మొలకలు వేలెడు కాగానే ఎర్రపెట్ట దిగింది. నీకు గుర్తుంది కదా, దసరా సెలవులో నీ బూటులో గుడ్డు పెట్టిన పెట్ట. వరసంతా గీకి ఏడెనిమిది మొలకలు తలకిందులు చేసింది. నేను కర్ర తీస్తే అత్తమ్మ అడ్డం వచ్చింది. "దాని కాళ్లు, దాని గీకుడు. నువ్వే కంప కట్టుకోవాలె" అంది. ఆ పెట్టంటే ఆమెకు ఎంత ప్రాణమో నీకు తెలుసు. పొదిగిన ప్రతిసారీ పది పిల్లలకు తక్కువ లేపదు, పిల్లి వస్తే మీదికి ఉరుకుతుంది. చివరికి రేగు కంప తెచ్చి, చేతులు గీసుకుని, చుట్టూ నేనే కట్టాను. ఆమె గడపలో కూర్చుని పెట్టకు నూకలు వేస్తూ చూసింది.

బావా, ఆ మొక్కలు ఎంత బాగా పెరిగాయో నువ్వు చూడలేదే అని రోజూ అనుకునేదాన్ని. జానెడు అయ్యాక కొసన సన్నటి పోగులు వచ్చాయి. అత్తమ్మ ప్రతి మొక్క పక్కన ఒక పుల్ల గుచ్చింది. పోగులు ఆ పుల్లల్ని పట్టుకోలేదు. పక్క మొక్కను పట్టుకున్నాయి. ఆ మొక్క దాని పక్కదాన్ని. అలా వరసంతా ఒకదాన్నొకటి పట్టుకుని, గాలికి అన్నీ కలిసి ఊగి, మళ్లీ అన్నీ కలిసి నిలబడేవి. అత్తమ్మ రోజూ పొద్దున్నే వచ్చి చూసి పోయేది. ఒకరోజు నేను బోరు దగ్గరనుంచి వచ్చేసరికి పుల్లలన్నీ పీకి పొయ్యి దగ్గర పెట్టి ఉన్నాయి. ఎవరు తీశారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

డిసెంబరులో తెల్లపూలు వచ్చాయి. తర్వాత కాయలు. చిక్కుడుకాయలా వంపు లేకుండా నున్నగా, వెలుతురుకు పట్టి చూస్తే లోపల గింజలు కనపడేలా ఉన్నాయి. అక్కడే తగువు మొదలైంది.

మా పెనుబల్లి వైపు మనవాళ్లు రైతుల ఇళ్ల మధ్య ఉండి ఉండి, కొత్తల పట్టింపు ఎప్పుడో వదిలేశారు. చెట్టున కాయ కనబడితే కోసుకుని తినడమే మాకు తెలుసు. కాపురానికి వచ్చాకే తెలిసింది, ఇక్కడ ముత్యాలమ్మ తల్లికీ, పోయిన పెద్దలకూ కొత్త పెట్టందే ఇంటి చిక్కుడుకాయ కూడా ఎవరూ నోట పెట్టరని. అత్తమ్మ అయితే కూర రుచి చూడటానికి కూడా నాలుక తగలనివ్వదు. మామయ్య పోయిన దగ్గరనుంచి మరీను. మొదటి పిడికెడు ఆయనకు ఆకులో పెట్టి, ఆ పూటంతా గడిచాకే తను ముట్టుకుంటుంది.

మరి ఈ బఠాణీకి కొత్త ఉందా లేదా? పూజారి బొజ్జయ్య తాతను అడగటానికి ఇద్దరం వెళ్లాం. ఒక కాయ కొంగున కట్టుకుని తీసుకెళ్లి చూపించాను. ఆయన దాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు. "ఏంది ఇది?" అన్నాడు. బఠాణి అన్నాను. నమ్మలేదు. "బఠాణి నాకు తెల్వదా? జాతరల వేయించి అమ్ముతరు. అంగట్ల దొరికేదానికి కొత్తేంది? ఏడాది పొడుగునా తింటనే ఉన్నం" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. కానీ అత్తమ్మ ఊరుకుంటుందా? "అంగట్ల కొన్నది వేరు మామా, మన మట్టిల కాసింది వేరు. ఇంట్ల కాసినంక ఆయనకు పెట్టకుండ నేనెట్ల తింట?" అంది. బొజ్జయ్య తాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "గట్లయితే చిక్కుడు కొత్తతో కలిపి పెట్టు. అందాక ఆగుండ్రి" అన్నాడు.

చిక్కుడు కొత్తకు ఇంకా మూడు వారాలుంది. పొట్టి మొక్కల కాయలన్నీ దాదాపు ఒక్కసారే నిండాయి. కోస్తే కొత్త తప్పుతుంది, కోయకపోతే కాయ ముదిరి పిండి అవుతుంది. నువ్వు కొండలు దాటించి పంపిన గింజ, మేం కంప కట్టి కాపాడిన మొక్క, కళ్లముందే పాడవుతుంటే నాకు ఏడుపొచ్చేది. రోజూ పొద్దున వెళ్లి కాయలు ముట్టుకుని వచ్చేదాన్ని. అత్తమ్మ చూసి, "ఎందుకే గట్ల పాణం తీసుకుంటవ్? ముదిరినయి విత్తనానికి అయితయ్" అనేది.

ఇప్పుడు నాలుగో సంగతి రాస్తాను. ఇంతదాకా దూకకుండా చదివావో, దూకి వచ్చావో నీకే తెలియాలి.

బావా, దసరా సెలవు అయిపోయి నువ్వు వెళ్లాక నేను నెల తప్పాను. నీకు రాయలేదు. అత్తమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పోయినసారి తెలిసిన రోజే ఊరంతా చెప్పుకున్నాను. అత్తమ్మ పెట్టె తీసి చిన్నప్పుడు నువ్వు పడుకున్న తొట్లె బట్టలు ఉతికి ఎండేసింది. మూడో నెల దాటకుండానే అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేను పడుకుని ఉన్నాననుకుని, ఆ బట్టలు దండెం మీద నుంచి తీసి, మడత పెట్టి, పెట్టె అడుగున దాచింది. నేను చూశాను. "పుట్టేదాక ఏదీ సిద్ధం చేయొద్దు, ఇంకెప్పుడూ చేయొద్దు" అని తనలో తను అనుకుంది. అది కూడా విన్నాను. నువ్వు సెలవులో వచ్చావు, ఉన్నావు, వెళ్లావు. మనం దాని గురించి మాట్లాడుకోలేదు. నువ్వు అడుగుతావని నేను, నేను చెబుతానని నువ్వు.

అందుకే ఈసారి నోరు కట్టేసుకున్నాను. ఉత్తరం రాయడానికి కూర్చుంటే చేయి ఆ ఒక్క మాటే రాయబోయేది. దాన్ని ఆపడానికి నాలుగు ముక్కలు రాసి అంటించేసేదాన్ని. కోపం కాదు బావా, భయం.

వాంతులైతే చెరువు నీళ్లు పడలేదని చెప్పాను, అన్నం వాసన పడకపోతే పంటినొప్పి అన్నాను. అత్తమ్మ నమ్మిందనుకున్నాను. ఒకరోజు పొద్దున ఆమె మేకల్ని తోలుకుని వెళ్లింది. ముందురోజు నుంచి నా కడుపులో ఏమీ నిలవలేదు. పెరట్లోకి వెళ్లాను. ఆ పచ్చికాయల వాసనకు నోట్లో నీళ్లు ఊరాయి. ఎన్ని రోజుల తర్వాతో తెలుసా, తినాలనిపించడం. ఒక కాయ తెంపి, గింజలు నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. ఇంకొకటి. ఇంకొకటి. కడుపు వద్దనలేదు. ఆ మొక్కలకు వేరు లోతు ఉండదు, ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో కాయ తెంపాలి. ఆ ఆత్రంలో నాకు అదెక్కడ గుర్తుంటుంది? గుంజాను. మొక్క మొత్తం వేళ్లతో సహా చేతిలోకి వచ్చేసింది.

తలెత్తితే కంప అవతల అత్తమ్మ. ఒక మేక తప్పిపోయిందని వెనక్కి వచ్చిందట. నా చేతిలో మొక్క, నోట్లో గింజలు, ఒళ్లో తొక్కలు. దాచడానికి ఏమీ మిగల్లేదు. తిడుతుంది, ఊరు పిలుస్తుంది, మామయ్య పేరు ఎత్తి ఏడుస్తుంది అనుకున్నాను.

"ఎన్నో నెల?" అంది.

మూడు వేళ్లు చూపించాను.

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే మళ్లీ పెట్టె తీస్తవని" అన్నాను. అని ఏడ్చాను. పోయినసారి ఏడవనిదంతా కలిపి ఏడ్చాను.

ఆమె కంప పక్కకు జరిపి లోపలికి వచ్చింది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా, నా పక్కన మట్టిలో కూర్చుంది. నా చేతిలోంచి మొక్క తీసుకుంది. దాని కాయ ఒకటి తెంపి, గోటితో చీల్చి, గింజలు నోట్లో వేసుకుంది. బావా, మీ అమ్మ. కొత్త కాకుండా కూర ఉప్పు చూడని మనిషి. నమిలి మింగి, పైకి చూసి, "నీకంటే ముందుగాల తిన్న. కోపమొస్తే నా మీదికే రా, పిల్ల జోలికి పోకు" అంది. నాతో కాదు, మామయ్యతో.

తర్వాత నా వైపు తిరిగి, "ఇగ తప్పు నాది. ఎవరడిగినా ముసల్ది తిన్నదని చెప్పు. మిగిలిన సంగతి నువ్వు, నేను, వాడు. ఊరికి తర్వాత చెప్దాం" అంది. ఆ మొక్కకు మిగిలిన కాయలన్నీ ఇద్దరం కూర్చుని వలుచుకుని తిన్నాం. నాకు గింజలు, తనకు తొక్కల్లో మిగిలినవి. ఆ రోజునుంచి పొద్దున్నే ఒక దోసెడు తెంపి నాకు పెట్టేది. తెంపేటప్పుడు తీగ ఎలా పట్టుకోవాలో నాకు నేర్పించేది, అప్పుడు మాత్రం కొంచెం తిట్టేది.

మొన్న కొత్తల పండుగ అయింది. ప్రతి ఇంటినుంచీ చిక్కుడుకాయ గంపలు వచ్చాయి. మేం చిక్కుళ్లతో పాటు బఠాణీలు తీసుకెళ్లాం. బొజ్జయ్య తాత ఎప్పటిలాగే, "ముందుగాల ఎవరన్న నోట పెట్టిండ్రా?" అని అడిగాడు. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు చేయి ఎత్తుతాడు, అందరూ నవ్వుతారు, అయిపోతుంది. ఈ ఏడు అత్తమ్మ, ఊరందరి నాగక్క, చేయి ఎత్తింది. ఎవరూ నవ్వలేదు. ముందు అర్థం కాలేదు వాళ్లకి.

"నువ్వా?" అన్నాడు తాత.

"అవ్, తిన్న. తియ్యగున్నయ్" అంది.

అప్పుడు నవ్వారు. నాగక్కకు ఈ వయసులో జిహ్వ పుట్టిందని, ఊరికి నీతులు చెప్పి చాటున బుక్కిందని, ఒకరిని మించి ఒకరు. నీకు తెలుసు కదా, ఇన్నేళ్లు ఎవరి పిల్లవాడు చిక్కుడుకాయ కొరికినా వాళ్ల గడప దాకా వెళ్లి నిలదీసింది ఆమే. వాళ్లకు ఇప్పుడు దొరికింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనే తిన్నానని చెప్పాలని నాలుక చివర దాకా వచ్చింది. చెబితే ఎందుకు తిన్నావంటారు. చెబితే కడుపు సంగతి చెప్పాలి. ఆమె నా వైపు చూడనే లేదు, కానీ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. నేను నోరు విప్పలేదు. ఆమె మీద పడ్డ ప్రతి నవ్వూ నాకు గుచ్చుకుంది. నీ దగ్గర అయినా ఈ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, అందుకే రాస్తున్నాను.

తప్పు కట్టాలి, ఒక కోడి అన్నాడు తాత. ఏ కోడి అయినా సరిపోయేది. చిన్న పుంజులు రెండున్నాయి. అత్తమ్మ ఇంటికి వచ్చి ఎర్రపెట్టను పట్టుకుంది. నేను అడ్డం పడ్డాను. "పుంజుతో సరిపోయేటి తప్పు కాదిది. ముత్యాలమ్మ తల్లిని పెద్దది అడుగుతున్న, చిన్నదిస్తె ఎట్ల?" అంది. ఏం అడుగుతోందో చెప్పలేదు. దాన్ని చంకలో పెట్టుకుని, దారి పొడుగునా దాని వీపు నిమురుతూ తీసుకెళ్లింది. మిగిలిన కోళ్లు కులాసా అన్నది అందుకే.

పోయిన అంగడికి దమ్మపేట దవాఖానాకు ఇద్దరం వెళ్లాం. అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. పోయినసారి దాటని నెల ఈసారి దాటింది. అయినా భయం పోలేదు బావా, కానీ ఇప్పుడు అది ఇద్దరి భయం. నీకు కూడా చెప్పాను కాబట్టి ముగ్గురిది. నువ్వు భయపడి, డ్యూటీలో పరధ్యానంగా ఉండకు. సెలవు మాత్రం వానల మొదట్లో వచ్చేలా ఇప్పుడే అడుగు. ఈసారి వచ్చినప్పుడు పోయినదాని గురించి కూడా కాసేపు మాట్లాడుకుందాం. నేను మొదలుపెడతాను.

విత్తనానికి నాలుగు మొక్కలు వదిలాం. కాయలు ఎండి గలగలమంటున్నాయి. వచ్చే కార్తీకానికి పెరడంతా వేస్తానని అత్తమ్మ అంటోంది. చుట్టుపక్కల వాళ్లు కూడా గింజలు అడుగుతున్నారు. నాగక్క కొత్త తప్పి తిన్నదంటే ఎంత తియ్యగా ఉంటాయో చూడాలట.

ఇంతవరకు రాసి ఆమెకు చదివి వినిపించాను. తన మోకాళ్లు నయం కాదని రాసిన చోట కోప్పడింది, మిగతా అంతా కళ్లు మూసుకుని విన్నది. కొడుక్కి ఏమైనా రాయాలా అని అడిగితే ముందు ఏమీ లేదంది. దండెం దగ్గరకు వెళ్లి ఆ మేజోడు దులిపింది. ఈసారి మళ్లీ దండెం మీద వేయలేదు. పెట్టె తీసి, తొట్లె బట్టల పైన పెట్టి, మూత వేసి, నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"రెండో మేజోడు కూడా పంపమను. వానలల్ల పుట్టే పిల్లకు రెండు కాళ్లూ చలిపెడతయ్."

ఇట్లు,
నీ ఇల్లాలు, మీ అమ్మ కోడలు,
వనజ